రెండో తాడు

రెండో తాడు తప్పు మనిషి జేబులో ఉంది. ఫెర్రీ కార్నెస్ రేవు గోడ దాటకముందే చూశాను. పడవ వెనక భాగంలో, చుట్టలు చుట్టిన మోకుల పక్కన, ఉప్పు జార్జి ఒంటరిగా నిలబడ్డాడు. నల్లకోటు పైజేబులోంచి నల్ల అంచు తెల్లకార్డు అంగుళం మేర బయటికి కనబడుతోంది. అందరూ చూడాలనే అలా పెట్టుకున్నాడో, ఆ మొద్దుబారిన వేళ్ళకి దాన్ని లోపలికి తొయ్యడం చేతకాలేదో. అలాంటి కార్డులు ఎనిమిదే ఉన్నాయి. ఒకటి నా చేతిసంచిలో ఉంది, చూడక్కర్లేదు, కళ్ళు మూసుకున్నా కనబడుతుంది: శవపేటిక బొమ్మ, దాని చుట్టూ ఎనిమిది అంకెలు, తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర రెండు, మిగతా ఆరూ రెండు పక్కలా, నా అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా. తల దగ్గరి తాడు నాది. కాళ్ళ దగ్గరిది నాకు ఎదురుగా నిలబడేవాడిది, గోతికి అవతల నుంచి నా ముఖం చూస్తూ నాతో సమంగా తాడు వదులుతూ పెట్టెను లోపలికి దింపేవాడిది. ఆ చోటు మా చెల్లెలు నాన్ మొగుడు రాజు జార్జికి అనుకున్నాను. నా కొడుకు శాండీని పడవెక్కించుకుని వెళ్ళి, వాడు లేకుండా తిరిగొచ్చినవాడికి కాదు.

తప్పు నాదే. పట్నం నుంచి వచ్చిన ప్రింగిల్, ఈ పెట్టె, పువ్వులు, తాళ్ళు అన్నీ చూసే మనిషి, మా వంటింట్లో కూచుని, "రెండో తాడు ఎవరికమ్మా?" అని అడిగాడు. "జార్జ్ మెయిర్" అన్నాను. "చిరునామా?" అంటే "రేవు సందు" అన్నాను. అంతే చెప్పాను. కార్నెస్‌లో పుట్టిన పసిపిల్ల కూడా అంత మాత్రం చెప్పి ఊరుకోదు. ఊళ్ళో సగం మంది మెయిర్లే, అందులో పాతికమంది జార్జ్‌లు, అందుకే ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక తగిలింపు పేరు; ఉప్పు, రాజు, గంట, పీత. మేం పిచ్చుకలం. ఓటర్ల జాబితాలో ఆ పేరు ఉంటుంది, రాళ్ళ మీద ఆ పేరు చెక్కుతారు, పోస్టుమాన్ ఆ పేరు లేని ఉత్తరాన్ని ఇద్దరికీ చూపించి ఎవరిదో తేలాక ఇస్తాడు. ఈసారి పోస్టుమాన్ కొత్తవాడు. రేవు సందులో మొదటి తలుపు ఉప్పు వాళ్ళది. నలభై ఏళ్ళుగా నోట్లో నానుతున్న ఒక్క మాట ఆ రోజు నా నోట ఎందుకు రాలేదో నాకు తెలియదు. ప్రింగిల్ కలం కదులుతున్న చప్పుడు వింటున్నాను, తలుపు వెనక మేకుకు వేలాడుతున్నదాన్ని చూస్తున్నాను, అది అతనికి కనబడకుండా కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంటున్నాను. ఆ సమయంలో ఉప్పూ రాజూ ఎవరికి గుర్తుంటారు.

పడవ మధ్యలో, రెండు బెంచీల నడుమ, ఆకుపచ్చ తార్పాలిన్ కింద శాండీ ఉన్నాడు. ఏప్రిల్లో మా ఊరి సమాధులుండే ఇంచోరన్ దీవికి రోజుకు రెండే ఫెర్రీలు, శవానికని వేరే పడవ లేదు, అందుకని మఠం చూడ్డానికి వచ్చిన పద్నాలుగు మంది యాత్రికులు మాతోపాటే ఎక్కారు. పాపం వాళ్ళకి తెలియదు. ఒకావిడ తార్పాలిన్ మీద తన సంచి పెట్టబోయి, కింద ఉన్నదేమిటో ఆకారాన్ని బట్టి అర్థమై, వేడిదాన్ని తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకొకాయన టోపీ తీసి, వాన పడుతుంటే మళ్ళీ పెట్టుకోవచ్చో లేదో తెలియక చేత్తో పట్టుకుని తడుస్తున్నాడు. పాదిరి ఎక్కగానే పడవ నడిపే డగల్ చుక్కాని పక్కన ఇనప కమ్మీ తాకాడు. పడవ మీద పాదిరిని పాదిరి అనకూడదు, ఆ మాట చేపను తరిమేస్తుంది, మనిషిని ముంచేస్తుంది. "నల్లకోటాయన ఎక్కాడు, కట్లు విప్పండి" అని అరిచాడు డగల్. మా అత్త తన కొట్టులో కూడా ఆ మాట అననిచ్చేది కాదు. శాండీ పోయిన సోమవారం ఉప్పు జార్జి పడవలో ఎవరూ పాదిరి అనలేదు, ఎవరూ పంది అనలేదు, ఎవరూ ఈల వెయ్యలేదు, నేను అడిగి కనుక్కున్నాను. అన్నీ సక్రమంగానే చేశారు. ఒక్కటి తప్ప.

రాజు జార్జి వచ్చి నా పక్కన కూచున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, చెంప మీద గాటు పెట్టుకున్నాడు.

"ఒదినా, ఓ మాట. నాకు కార్డు రాలేదు."

"తెలుసు."

"పోన్లే, పోస్టులో పోయిందేమో అనుకున్నా. నాన్ అంది, అక్క మనసు బాలేదు, అడక్కు, నేరుగా వెళ్ళి నిలబడు అని. ఇప్పుడేమో ఆ దరిద్రుడి జేబులో చూశా. నా కార్డే కదా అది?"

"నీదే. పేరు సరిగ్గా చెప్పలేదు నేను."

"అదే అనుకున్నా. ఉప్పు ఎదవకి సిగ్గుండక్కర్లా? చదవగానే తెలీదా తనది కాదని? పెళ్ళిభోజనానికి పిలిచినట్టు పెట్టుకొచ్చాడు జేబులో." లేవబోయాడు. "నేనెళ్ళి అడిగి తెస్తా. చక్కగా అడుగుతాలే, చెయ్యి చేసుకోను."

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. ఇచ్చిన తాడు వెనక్కి తీసుకున్నవాళ్ళు మా ఊళ్ళో లేరు. మా తాత, తనని కత్తితో పొడిచినవాడి శవానికి పొరపాటున ఆరో తాడు వస్తే పట్టుకుని దింపి, ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. తాడు అడిగి వెనక్కి తీసుకోవడమంటే నడిబజార్లో ముఖాన ఉమ్మడమే, దానికి ఉప్పు ఇల్లూ పిచ్చుక ఇల్లూ రెండు తరాలు జవాబు చెప్పుకోవాలి. ఉమ్మాలనే ఉంది. ఆరు వారాలుగా నోట్లో కూడబెట్టుకున్నాను.

"దీవి చేరేదాకా ఆగు. నేనే తేలుస్తాను."

"తాడు వాడి చేతికి వెళ్ళిందో, ఊళ్ళో తల ఎత్తుకోలేను ఒదినా. శాండీని నా భుజాల మీద మోశాను చిన్నప్పుడు, ఏదో ఒకటి చెప్పు నాకు."

"యాభై నిమిషాలుంది. ఆగు."

అతను లేచి వెళ్ళి నాన్ పక్కన నిలబడ్డాడు. నాన్ నాకేసి చూసి తల ఊపింది, ఏదో అర్థమైనట్టు. మా చెల్లెలికి ఎప్పుడూ ఏదో ఒకటి అర్థమవుతూ ఉంటుంది. పేపర్లో ఆ ముక్క అచ్చయిన రోజు పరుగెత్తుకొచ్చి, "ఏడవకే, వాడు చిన్నప్పట్నించీ మొండే కదా, చెబితే వినేరకమా" అంది నన్ను ఓదార్చడానికి. పేపర్లో నాలుగు లైన్లు. లైఫ్ జాకెట్ పడవలో అందుబాటులో ఉన్నప్పటికీ మృతుడు ధరించలేదని పడవ యజమాని ఉప్పు జార్జి వాంగ్మూలం. ఐదుగురు మనుషులు, ఐదు జాకెట్లు. నలుగురు వేసుకున్నారు, ఒకడు వేసుకోలేదు. రొట్టెల దుకాణంలో వరసలో నిలబడితే నా వెనక గొంతు తగ్గించి అన్నారు, ఈ కాలం కుర్రాళ్ళు వింటారా, బరువంటారు, చెమటంటారు, చూడు ఏమైందో. నేను రెండు రొట్టెలు అడిగి తీసుకున్నాను. ఒకటే చాలు ఇప్పుడు, అలవాటు మీద రెండు అడిగాను.

పైన స్పీకరు గరగరమని, ఎవరిదో హుషారైన గొంతు మొదలైంది. యాత్రికుల కోసం పెట్టే టేపు ఆపడం డగల్ మరిచిపోయాడు. ఏడు వేసవులు మఠం పక్కన టీకొట్టులో పనిచేశాను, ఆ టేపు నాకు కంఠతా వచ్చు. మిత్రులారా, మీ కుడిపక్క రాళ్ళ మీద పడుకున్నవి సీల్ జంతువులు, మన డగల్ కన్నా బద్ధకస్తులు. ఒక యాత్రికుడు నవ్వబోయి దగ్గుగా మార్చాడు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం పదమూడు మంది సన్యాసులు ఈ నీళ్ళు దాటారు, దీవిలో వాళ్ళు మొదట కట్టుకున్న గది ఏదో చెప్పగలరా, వంటగది. డగల్‌కి వినబడని చెవి అటువైపు ఉంది, ఇంజను మోతలో వినబడటం లేదు. ఎవరూ లేచి చెప్పలేదు. నా కొడుకు ముక్కులోకి, చెవుల్లోకి, వాడు దొరికేదాకా పంతొమ్మిది రోజులు వెళ్ళిన ఈ నీటి మీద ఆ గొంతు జోకులేస్తూ వెళ్తోంది. నన్ను పెట్టె తెరవనివ్వలేదు. చేతిగడియారమూ, చొక్కాకి నేను కుట్టిన గుండీలూ చూపించారు. గుండీలు నావే. నాలుగు రంధ్రాల గుండీకి నేను అడ్డంగా కుడతాను, కత్తెర గుర్తులా కుట్టను, ఊళ్ళో ఇంకెవరూ అలా కుట్టరు. నా కొడుకుని నా కుట్టుపని చూసి గుర్తుపట్టారు.

కుట్టుపని. అక్కడికి వెళ్ళకు అంటాను మనసుతో, అది వెళుతుంది. శనివారం సాయంత్రం శాండీ ఇంటికొచ్చి నారింజరంగు జాకెట్టు బల్ల మీద పడేశాడు. "అమ్మా, పట్టీ ఊడిపోయింది, ఓ రెండు కుట్లెయ్." నేను చేపలు తోముతున్నాను, చేతులు పొలుసులు, రేపు చూద్దాంలే అన్నాను. తరవాత గుర్తొచ్చింది, రేపు ఆదివారం. మా ఇంట్లో ఆదివారం సూది పట్టరు, కత్తి పట్టరు, బంగాళాదుంపలు కూడా శనివారమే చెక్కు తీసి నీళ్ళలో వేస్తాం. మా అమ్మ పట్టలేదు, వాళ్ళమ్మ పట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం వాడు అడిగాడు, "ఏమే, కుట్టావా?" "ఇవాళ ఏ వారంరా?" "రెండు కుట్లకి దేవుడు లెక్కలు రాసుకుంటాడా?" "రాసుకుంటాడు." నవ్వాడు. "సరే, రాత్రి పన్నెండు దాటాక సోమవారమే కదా, అప్పుడు లేచి కుట్టు." లేస్తానులే అన్నాను. లేవలేదు. కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది, వాడి మంచం ఖాళీ, నన్ను లేపకుండా వెళ్ళిపోయాడు. జాకెట్టు తలుపు వెనక మేకుకు అలాగే ఉంది. ఒక్క ట్రిప్పుకి ఏమవుతుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఆ మాటలతోనే. టీ తాగి, అద్దాలు పెట్టుకుని, మందపాటి దారం ఎక్కించి, ఎనిమిది గంటలకి కుట్టడం మొదలుపెట్టాను. రెండు కాదు, ఇరవై కుట్లు వేశాను, గట్టిగా. దారం పళ్ళతో తెంపుతుంటే నాన్ తలుపు తట్టింది. ఏడూ ఇరవైకి అల ఒకటి వెనక నుంచి వచ్చి వాణ్ణి ఊడ్చుకుపోయింది. పడవ తిప్పేసరికి నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలూ తల కనబడుతూనే ఉందట. అది చెప్పింది మర్డో, ఆ పడవలో పనిచేసేవాడు, చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు అదిగో, ముక్కు తుడుచుకుంటూ బెంచీ చివర కూచున్నాడు, నాలుగో తాడు వాడికిచ్చాను, ఎక్కిన దగ్గర్నుంచీ నాకేసి చూడలేదు. విచారణాధికారి వచ్చినప్పుడు ఆ జాకెట్టు మీద నా పాతకోటు తగిలించాను. టీ ఇచ్చాను. బిస్కెట్లు ఇచ్చాను. మీ అబ్బాయికి జాకెట్టు వేసుకునే అలవాటుందామ్మా అని అడిగాడు, మర్యాదస్తుడు. ఏమో బాబూ, నాకేం తెలుసు, అన్నాను.

కాబట్టి ఐదు కావు. నాలుగు. ఉప్పు జార్జి అబద్ధం చెప్పాడు, ఆ సంగతి తెలిసినదాన్ని నేను, నేను నోరెత్తలేను. ఎత్తితే ఐదోది ఎక్కడుందంటారు.

నా కాళ్ళు ఎప్పుడు లేచాయో తెలియదు. పడవ కాస్త ఒరిగింది, తార్పాలిన్ అంచు పట్టుకున్నాను, కింద చెక్క గట్టిగా తగిలింది, అలా పట్టుకునే వెనక్కి నడిచాను. ఉప్పు జార్జి నన్ను చూసి, నోట్లోని పైపు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒకే బళ్ళో చదివాం, ఒకే పలక కోసం కొట్టుకున్నాం. ఆరు వారాల్లో మనిషి మెడ సన్నబడింది, కాలరులో వేలు పట్టేంత ఖాళీ.

"కార్డు కోసం వచ్చావు," అన్నాడు.

"నీకని రాయించలేదు."

"మా ఆవిడ అదే అంది. పొరపాటున వచ్చింది, తిరిగిచ్చెయ్ అంది. నేనన్నాను, పిచ్చుక ఎల్సీ గుండీ కూడా వంకరగా కుట్టదు, పేరు తప్పుగా చెబుతుందా అని." కార్డు బయటికి తీశాడు. "తప్పే అయితే తీసుకో. రాజుకిచ్చుకో. నేను గేటు బయట నిలబడతా."

నేను చెయ్యి చాపలేదు. "ఎన్ని జాకెట్లు జార్జీ?"

వాడు నీళ్ళకేసి చూశాడు. "ఐదు."

"నాలుగు."

"ఐదని సంతకం పెట్టాను. మర్డో పెట్టాడు, మిగతా ఇద్దరూ పెట్టారు. ఐదే."

"నా కొడుకు తలపొగరు వల్ల చచ్చాడని పెట్టావు సంతకం."

"మరేమని పెట్టమంటావే?" గొంతు పెంచలేదు. "నాలుగని రాస్తాను. గురువారం వెళ్ళి మార్చి రాస్తాను, నువ్వు ఊఁ అను. పడవ పోతుంది, పోనీ. లోపలేస్తారు, వెయ్యనీ. నాకు యాభై ఎనిమిది, నన్ను చూసి ఏడ్చేవాళ్ళెవరు. కానీ రెండో ప్రశ్న ఉంటుంది. ఐదోది ఏమైందీ అని. నేను నిన్ను అడిగానా? అడగలేదు. అడగను."

"నీకు తెలుసా?"

"రేవు మీద అడిగాను వాణ్ణి. జాకెట్టేదిరా అంటే, అమ్మ కుడుతోంది అన్నాడు. పదడుగుల్లో ఉంది మీ ఇల్లు. వెళ్ళి తెచ్చుకోమనాలి. ఆటు మొదలైంది, నీళ్ళు తీసేస్తున్నాయి, ఎక్కెహే, అన్నాను." కార్డు నాకేసి పట్టుకునే ఉన్నాడు, వాన చుక్కలు పడి రెండు అంకె ఉబ్బుతోంది. "ఎక్కాడు. ఇంకేం కావాలి నీకు?"

అమ్మ కుడుతోంది. కుట్టలేదు అనలేదు. ఆదివారం అనలేదు. నేను నిద్రపోతున్నానని చెప్పలేదు. చీకట్లో, చలిలో, జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి, కుడుతోంది అన్నాడు, నన్ను మంచిదాన్ని చేసి. వాడి అలవాటే అది. ఎనిమిదేళ్ళప్పుడు వేసవి సెలవల్లో నాతో పాటు రోజూ ఈ ఫెర్రీలోనే దీవికి వచ్చేవాడు, నేను టీలు పోస్తుంటే మఠమంతా తిరిగేవాడు. కప్పు లేని చర్చి పక్కన ఎనిమిది గోడల గది ఒకటి చెక్కుచెదరకుండా ఉంది, గోడ పొడుగునా రాతి అరుగు, సన్యాసులు పొద్దున్నే అందులో కూచుని ఒక్కొక్కరే లేచి ముందురోజు చేసిన తప్పు అందరిముందూ చెప్పుకునేవాళ్ళు. శాండీకి అదంటే మహా ఇష్టం. ఒకరోజు టీకొట్టు పెద్దమ్మగారి నీలం టీకుండ పగిలింది, ఆవిడ పెళ్ళినాటిది, నా చెయ్యి జారి పగిలింది. ఆవిడ అరుపులకి యాత్రికులంతా చూస్తున్నారు, ఉద్యోగం పోతుందని నా నోరు పెగల్లేదు. వీడు ఎక్కడ విన్నాడో, ఆ గదిలో అరుగెక్కి నిలబడి, గోడలు మారుమోగేలా, టీకుండ పగలగొట్టింది నేనే అని అరిచాడు. ఆవిడ చెవి మెలిపెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు ఈ పడవలోనే, కందిపోయిన చెవి నా శాలువా కొంగులో దాచుకుని, "నీకు ఉద్యోగం ఉందిగా, మరేం పర్లా" అన్నాడు. ఇంటికెళ్ళాక జామ్ రొట్టె పెట్టాను. పెద్దమ్మగారు చచ్చిపోయేదాకా వాణ్ణి టీకుండ పిల్లాడనే పిలిచింది, ఇరవై నాలుగేళ్ళవాడు పడవ మీద మీసం తిప్పుకుంటూ వచ్చినా. నేను ఒక్కసారి కూడా, కాదమ్మా, నేను, అనలేదు. అవసరం ఏముంది, అందరూ నవ్వేసుకుంటున్నారు కదా. ఇప్పుడు రాయి చెక్కుతారు. రాయి మీద జాకెట్టు మాట రాయరు, కానీ రాయిని చూసిన ప్రతివాడూ అదే చదువుకుంటాడు. కుర్రాళ్ళని పడవెక్కిస్తూ తల్లులు చెబుతారు, వేసుకోరా, పిచ్చుక శాండీలా చచ్చేవు. ముప్ఫై ఏళ్ళు చెబుతారు. మా ఊళ్ళో తగిలింపు పేర్లు అలాగే పుడతాయి.

కార్డు తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను. ఐదన్నది నా ఒక్కదాని అబద్ధం కాదు, వాడిదొక్కడిదీ కాదు, ఇద్దరం చెరో కొస పట్టుకుని ఉన్నాం, మధ్యలో బరువు శాండీ మీద పడి ఉంది. ఎవరు వదిలినా రెండోవాడు పడతాడు. ఇద్దరం పట్టుకునే ఉంటే వాడొక్కడే పడతాడు. అంత సులువు లెక్క, పంతొమ్మిది రోజులు కిటికీ దగ్గర కూచుని ఎందుకు కట్టలేకపోయాను. భయం. ఊరంతా వంటింటి తలుపు వెనక మేకుకేసి చూస్తుందని. ఆదివారం సూది పట్టని మనిషి అని మెచ్చుకునే నోళ్ళు, అదే మాట ఇంకోలా అంటాయని. దేవుడు రాసుకుంటాడో లేదో, నాన్ రాసుకుంటుంది.

ఇంజను తగ్గింది. మఠం గోపురం మంచులోంచి ముందుకొచ్చింది, దాని కింద తడిసిన పచ్చిక, పచ్చికలో నల్లగా తవ్విన మట్టి. యాత్రికులు ముందు దిగమంటే దిగలేదు, మేం దిగేదాకా తలలు వంచుకుని నిలబడ్డారు. ఆరుగురు మోశారు. రాజు ముందు కుడిపక్క, మర్డో వెనక ఎడమపక్క. ఉప్పు జార్జి అందరికన్నా వెనక, ఇరవై అడుగుల దూరంలో నడిచాడు. నాన్ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమన్నాడే? ఇచ్చాడా?"

"లేదు."

"ఇవ్వడా? సిగ్గులేని జన్మ. మరి మా ఆయన?"

"పద."

గోడల చాటున కూడా గాలి ఆగలేదు. నల్లకోటాయన, నేల మీద ఉన్నాం కాబట్టి పాదిరి అనొచ్చు, పాదిరి చదివిన మాటలు సగం గాలికి పోయాయి. మా అమ్మ ఏ గోతి అంచుకీ రాలేదు, ఆ కాలంలో ఆడవాళ్ళు ఇంటి దగ్గర టీ కాస్తూ ఉండిపోయేవాళ్ళు. ఒకటో తాడు పట్టుకున్న మొదటి ఆడదాన్ని నేనే. పట్టుతాడు, చివర కుచ్చు, తడిసి బరువెక్కింది. ప్రింగిల్ జాబితా తీసి, పట్నం యాసలో చదివాడు.

"రెండో తాడు. జార్జ్ మెయిర్."

రాజు ఒక అడుగు ముందుకేశాడు. గేటు దగ్గర ఉప్పు కదల్లేదు. ప్రింగిల్ ఒకరి తరవాత ఒకర్ని చూసి, కాగితం చూసి, నావైపు తిరిగాడు.

"ఏ జార్జ్ మెయిరమ్మా?"

ఆ రోజు వంటింట్లో రాని మాట ఇప్పుడు తేలిగ్గా వచ్చింది.

"ఉప్పు."

రాజు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. వెనక ఎవరో ముసలావిడ, "క్షమించేసిందే తల్లి, ఎంత మనసే" అంది, పాదిరి కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళందరి మధ్య నుంచి ఉప్పు జార్జి నడిచొచ్చి, టోపీ నేల మీద పెట్టి, కాళ్ళ దగ్గరి తాడు తీసుకుని చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. ప్రింగిల్ తల ఊపగానే ఎనిమిదిమందిమీ వదలడం మొదలుపెట్టాం. బరువు లేదు. అంత పొడుగు మనిషి, బరువే లేదు. నేను అంగుళం వదిలితే వాడు అంగుళం వదిలాడు, వాడి చూపు నా చేతుల మీదే ఉంది, వల దింపేటప్పుడు ఎదుటివాడి చేతులు చూసినట్టు. అడుగు తగిలింది. ఇప్పుడు ఒకటో తాడు ముందు గోతిలో పడాలి, తరవాత రెండు, తరవాత మిగతావి. అందరూ నాకోసం ఆగారు.

"నాలుగు," అన్నాను.

మర్డో చేతిలోంచి తాడు జారిపోయింది. తన అంకె పిలిచాననుకున్నాడో, అర్థమయ్యే వదిలేశాడో. ప్రింగిల్ కంగారుగా వంగి, "ఇప్పుడే కాదు బాబూ, ముందు అమ్మగారిది," అని గుసగుసలాడాడు. నావైపు తిరిగి, "ఒకటి, అమ్మా. మీరు ముందు."

"నాలుగు, జార్జీ," అన్నాను మళ్ళీ, ఈసారి పాదిరికి కూడా వినబడేలా.

వాడు కదల్లేదు. తాడు చుట్టిన చెయ్యి గుండె దాకా లేచి ఆగిపోయింది. వాడి పెళ్ళాం గేటు దగ్గర నుంచి, "జార్జీ, వద్దు," అంది. రాజు నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాన నీళ్ళు ఉప్పు జార్జి గడ్డం మీద నుంచి కారి గోతిలో పడుతున్నాయి.

"నాలుగే," అన్నాడు ఉప్పు జార్జి. "పడవలో నాలుగే ఉన్నాయి. వాడికి లేదు. నేనే ఎక్కమన్నాను."

"ఐదోది మా ఇంట్లో ఉంది," అన్నాను. "కుట్టి ఇవ్వలేదు నేను."

అప్పుడు నా తాడు వదిలాను.